ట్రినిడాడ్ అండ్ టొబాగో గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రయాన్ లారా, పొలార్డ్, బ్రావో, నరైన్. ఈ పేర్లు మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వాళ్లది ఏ దేశమని అడిగితే మాత్రం "వెస్టిండీస్" అనేసి ఆగిపోతాం. ఆ దేశంలో ప్రతి ముగ్గురిలో ఒకరి పూర్వీకులు మన దేశం నుంచి ఓడెక్కి వెళ్లినవాళ్లు. వాళ్లలో కొందరు మద్రాసు రేవులో ఎక్కారు, అందులో తెలుగు మాట్లాడేవాళ్లూ ఉన్నారు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఈ దేశం గురించి ఎవరేమడిగినా కూర్చోబెట్టి చెప్పాలనిపిస్తుంది. మళ్లీ మళ్లీ వినిపించే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

వెస్టిండీస్ ఒక దేశం కాదా? ట్రినిడాడ్ అందులో ఒక రాష్ట్రమా?

కాదు. వెస్టిండీస్ అనేది క్రికెట్ జట్టు పేరు. జమైకా, బార్బడోస్, గయానా, ఆంటిగ్వా, ట్రినిడాడ్ లాంటి వేర్వేరు దేశాల వాళ్లు కలిసి ఆ పేరుతో ఆడతారు. నిజంగానే అన్నీ కలిపి ఒకే దేశం చేయాలని ఒకసారి ప్రయత్నించారు. 1958లో వెస్టిండీస్ ఫెడరేషన్ పెట్టి, ట్రినిడాడ్‌లోని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌ను రాజధాని చేశారు. జమైకా తప్పుకోవడంతో 1962లో అది కూలిపోయింది. అదే ఏడాది ఆగస్టు 31న ట్రినిడాడ్ అండ్ టొబాగో బ్రిటన్ నుంచి స్వతంత్రం పొందింది. క్రికెట్ జట్టు మాత్రం కలిసే మిగిలింది.

సరిగ్గా ఎక్కడుంది? ఎంత పెద్దది?

కరీబియన్ ద్వీపాల వరుసలో దక్షిణం కొసన, వెనిజులా తీరానికి ఆనుకున్నట్టే ఉంటుంది. దగ్గరగా ఉన్నచోట రెండింటి మధ్య దూరం 11 కిలోమీటర్లే. ట్రినిడాడ్, టొబాగో అనే రెండు పెద్ద దీవులు, చుట్టూ కొన్ని చిన్న దీవులు కలిపి మొత్తం వైశాల్యం 5,130 చదరపు కిలోమీటర్ల చిల్లర. గోవా కంటే పెద్దది. అందులో టొబాగో వాటా 300 చదరపు కిలోమీటర్లు మాత్రమే. మన కొచ్చి, త్రిశూర్ ఉన్న అక్షాంశాల్లోనే ఉంది కాబట్టి ఎండా వానా మనకు కొత్తగా అనిపించవు. జనవరి నుంచి మే దాకా పొడి కాలం, జూన్ నుంచి డిసెంబరు దాకా వానలు.

ఒక విషయం చాలామందికి తెలియదు. ట్రినిడాడ్ ఒకప్పుడు దక్షిణ అమెరికా ఖండంలో భాగం. సముద్రమట్టం పెరిగాక విడిపోయి దీవిగా మిగిలింది. అందుకే పక్క దీవుల్లో కనిపించని అరిచే కోతులు, ఓసెలాట్ అనే అడవిపిల్లి, కైమన్ మొసళ్లు ఇక్కడి అడవుల్లో ఉన్నాయి. ఉత్తరాన కొండల వరుస ఉంది. అందులో ఎత్తయిన శిఖరం ఎల్ సెర్రో డెల్ అరిపో, 940 మీటర్లు. నడుమ కరోనీ నది పారే మైదానం. ఒకప్పుడు అదంతా చెరకు తోటలే. సాయంకాలం కరోనీ చిత్తడి నేలల్లో పడవ మీద కూర్చుంటే, ఎర్రటి ఐబిస్ పక్షులు గుంపులుగా వచ్చి మడ చెట్ల మీద వాలతాయి. పచ్చటి చెట్టు చూస్తుండగానే మోదుగ పూసినట్టు ఎర్రబడుతుంది. ఆ ఐబిస్ ట్రినిడాడ్ జాతీయ పక్షి. టొబాగోకు వేరే పక్షి ఉంది, కోక్రికో.

తుపాన్లు వస్తాయా?

పెద్ద హరికేన్లు సాధారణంగా ఉత్తరంగా వెళ్లిపోతాయి కాబట్టి ట్రినిడాడ్‌కు ఆ భయం తక్కువ. టొబాగోకు అంత ధీమా లేదు. 1963 సెప్టెంబరు 30న వచ్చిన ఫ్లోరా ఆ దీవిని చిన్నాభిన్నం చేసింది. కొబ్బరి, కోకో తోటలు నేలమట్టమయ్యాయి. తోటలు నమ్ముకున్న టొబాగో, పర్యాటకం వైపు తిరగడానికి ఆ ఒక్క రోజు పెద్ద కారణం.

తారు సరస్సు ఉందని విన్నాను, నిజమేనా?

నిజం. నైరుతి తీరంలో లా బ్రియా అనే ఊళ్లో ఉంది. సుమారు 100 ఎకరాలు, నడుమ దాదాపు 75 మీటర్ల లోతు. సహజంగా తారు నిల్వ ఉన్న చోట్లలో ప్రపంచంలోకెల్లా ఇదే పెద్దది. సరస్సు అంటారు గానీ పైన గట్టిపడి ఉంటుంది, చాలాచోట్ల నడిచి వెళ్లవచ్చు. ఎక్కువసేపు ఒకేచోట నిలబడితే కాలు మెల్లగా దిగుతున్నట్టు తెలుస్తుంది. తవ్వి తీసిన గుంట కొన్నాళ్లకు దానంతట అదే పూడిపోతుంది. 1595లో ఇంగ్లండు నావికుడు వాల్టర్ రాలీ తన ఓడల సందులు పూడ్చడానికి ఈ తారే వాడాడు. 1876లో వాషింగ్టన్ నగరంలో పెన్సిల్వేనియా అవెన్యూకు వేసిన తారు కూడా ఇక్కడిదే.

అక్కడి ఆదివాసుల కథ ఇంకోలా చెబుతుంది. ఒక తెగ వాళ్లు విజయోత్సవంలో హమ్మింగ్ బర్డ్‌లను చంపి తిన్నారట. ఆ చిన్న పిట్టలు పూర్వీకుల ఆత్మలు. దేవుడికి కోపం వచ్చి ఊరు ఊరంతా నల్లటి తారులో ముంచేశాడట.

టొబాగో ఎందుకు వేరుగా చెబుతారు?

చరిత్ర వేరు, జనం వేరు, మనసు కూడా వేరే. డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్లు, బ్రిటిష్‌వాళ్లు ఒకరి దగ్గర్నుంచి ఒకరు లాక్కుంటూ వచ్చిన దీవి అది. 1889లో పాలన ఖర్చు తగ్గించుకోవడానికి బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని ట్రినిడాడ్‌కు కలిపింది. జనంలో ఎక్కువమంది ఆఫ్రికా మూలాల వారు. పెద్ద దీవి తమను పట్టించుకోదన్న బాధ అక్కడ పాతదే. దాని ఫలితంగానే 1980లో టొబాగో హౌస్ ఆఫ్ అసెంబ్లీ ఏర్పడింది. ఇంకా ఎక్కువ స్వయంపాలన కావాలన్న డిమాండ్ ఇప్పటికీ ఉంది.

నాకు టొబాగోలో అన్నింటికన్నా ఇష్టమైనది దాని నడుమ ఉన్న మెయిన్ రిడ్జ్ అడవి. 1776లోనే చట్టం చేసి దాన్ని కాపాడారు. పడమటి అర్ధగోళంలో చట్టపరంగా రక్షణ పొందిన అడవుల్లో ఇదే పాతది అంటారు. చెట్లు కొట్టేస్తే వానలు పడవు, వానలు లేకపోతే తోటలు ఎండిపోతాయి అన్నది అప్పటి వాదన. లాభం కోసమే ఆలోచించినా సరే, ఆ అడవి నేటికీ నిలిచి ఉంది.

అక్కడ ఎవరెవరు ఉంటారు?

జనాభా 14 లక్షల లోపే. 2011 జనగణన ప్రకారం భారతీయ మూలాల వారు 35.4 శాతం, ఆఫ్రికా మూలాల వారు 34.2 శాతం, మిశ్రమ మూలాల వారు దాదాపు 23 శాతం. చైనా, సిరియా, లెబనాన్, పోర్చుగల్ నుంచి వచ్చిన కుటుంబాలూ ఉన్నాయి. ఈ మధ్య వెనిజులా నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినవాళ్లు చాలామంది చేరారు.

అందరికన్నా ముందున్నది ఆదివాసులు. అరిమా, టునపునా, చగ్వానాస్, నపరిమా, ఈ ఊళ్ల పేర్లు వాళ్లవే. 1498 జులై 31న కొలంబస్ మూడు శిఖరాలు చూసి, క్రైస్తవ త్రిత్వం గుర్తుగా ట్రినిడాడ్ అని పేరు పెట్టాడు. తర్వాత స్పెయిన్ పాలన. 1783లో స్పెయిన్ రాజు భూములిస్తామని పిలిస్తే ఫ్రెంచి దొరలు బానిసలను వెంటబెట్టుకుని దిగారు. 1797లో బ్రిటిష్‌వాళ్లు పట్టుకున్నారు. అందుకే రాజధాని పేరులో స్పెయిన్, ఊళ్ల పేర్లలో ఫ్రెంచి, కోర్టులో ఇంగ్లిష్.

భారతీయులు అక్కడికి ఎలా చేరారు?

1834లో బానిసత్వం రద్దయింది. అప్రెంటిస్ పేరుతో ఇంకో నాలుగేళ్లు పని చేయించుకుని, 1838 ఆగస్టు 1న పూర్తిగా వదిలారు. తరతరాలుగా కొరడా దెబ్బలు తిన్న తోటల్లో మళ్లీ అదే కూలికి పనిచేయడానికి ఆఫ్రికన్లు ఇష్టపడలేదు. వాళ్లది న్యాయమైన తిరస్కారం. తోటల యజమానులు చవగ్గా దొరికే మనుషుల కోసం మన దేశం వైపు చూశారు.

ఫతేల్ రజాక్ అనే ఓడ కలకత్తా నుంచి బయల్దేరి 1845 మే 30న ట్రినిడాడ్ చేరింది. అందులో 225 మంది దాకా ఉన్నారు. 1917 వరకు అలా సుమారు 1,44,000 మంది వెళ్లారు. ఎక్కువమంది నేటి ఉత్తరప్రదేశ్, బీహార్ ప్రాంతాల వాళ్లు. ముందు నెల్సన్ అనే చిన్న దీవిలో దింపి, వైద్య పరీక్ష చేసి, తోటలకు పంచేవారు. ఐదేళ్ల ఒప్పందం. చేతిలో పాసు లేకుండా తోట దాటితే నేరం, జైలు. ఆడవాళ్లు చాలా తక్కువ. ప్రతి వందమంది మగవాళ్లకు నలభైమంది ఆడవాళ్లు ఉండాలని నియమం పెట్టాల్సి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోండి. హిందూ పద్ధతిలో చేసుకున్న పెళ్లికి 1940ల దాకా చట్టంలో చోటు లేదు. అగ్నిసాక్షిగా పెళ్లాడిన దంపతుల పిల్లలను కూడా ప్రభుత్వ కాగితాల్లో అక్రమ సంతానంగా రాసేవారు.

ఒకే ఓడలో వెళ్లినవాళ్లు కులం, ఊరు మరిచి ఒకరినొకరు "జహాజీ భాయి" అని పిలుచుకున్నారు. సొంత తోబుట్టువులతో సమానంగా చూసుకున్నారు. ఆ బంధం పిల్లల తరానికీ వచ్చింది, జహాజీ కుటుంబాల మధ్య పెళ్లిళ్లు చేసుకునేవారు కాదు. ఈ ఒక్క మాటలో వాళ్లు పోగొట్టుకున్నది, కూడగట్టుకున్నది రెండూ ఉన్నాయని నాకనిపిస్తుంది.

ఇప్పుడు మే 30 అక్కడ ఇండియన్ అరైవల్ డే, జాతీయ సెలవు. ఆగస్టు 1 బానిస విమోచన దినం. ఆ రోజును జాతీయ సెలవుగా ప్రకటించిన మొదటి దేశం ఇదే, 1985లో.

తెలుగువాళ్లు కూడా వెళ్లారా?

వెళ్లారు. కలకత్తాతో పోలిస్తే మద్రాసు నుంచి వెళ్లిన ఓడలు తక్కువ. అవి కూడా ఎక్కువగా మొదటి రెండు దశాబ్దాల్లోనే. వెళ్లిన కొన్ని వేల మందిలో తమిళులు ఎక్కువ, తెలుగువాళ్లు వాళ్ల తర్వాత. అక్కడ అందరినీ కలిపి "మద్రాసీ" అన్నారు. తెలుగు అనే మాట కాగితాల్లో అరుదుగా తప్ప కనిపించదు. భోజ్‌పురి మాట్లాడేవాళ్ల మధ్య చెల్లాచెదురుగా పడ్డ కొద్దిమందికి, రెండు తరాలు తిరక్కుండానే భాష పోయింది. మారిషస్‌లో, దక్షిణాఫ్రికాలో తెలుగు సంఘాలు నిలబడ్డాయి కదా, ఇక్కడ ఎందుకు లేవని అడుగుతారు. అక్కడ వెళ్లిన సంఖ్య పెద్దది, ఒకేచోట ఉన్నారు. ఇక్కడ ఆ రెండూ లేవు.

పోనిది ఒకటుంది, అమ్మవారు. మద్రాసీలు తెచ్చిన మారియమ్మ కొలువు ఇప్పుడు కాళీమాయి పూజగా బతికి ఉంది. పూనకం, వేపమండలు, పసుపు నీళ్లు, కోడిని, మేకను బలివ్వడం. పాతకాలంలో నిప్పుల గుండం తొక్కడం కూడా ఉండేది. వాయించే డప్పును "తప్పు" అంటారు. మన పల్లెల్లో పోలేరమ్మ, ఎల్లమ్మ జాతరలు చూసినవాళ్లకు ఇందులో ఏదీ కొత్తగా ఉండదు. ఉత్తరాది పద్ధతి హిందువులు చాలాకాలం ఈ పూజను చిన్నచూపు చూశారు. అయినా ఆ గుళ్లకు ఆఫ్రికా మూలాల వాళ్లు కూడా రోగం నయం చేయమని వస్తారు. పేర్లలోనూ జాడలున్నాయి. రామ్‌సామీ, మూన్‌సామీ, వీరాసామీ లాంటి ఇంటిపేర్ల చివర ఉన్న "సామీ" దక్షిణాది స్వామే.

ఈ కాలపు బంధం ఒకటుంది. కరపిచైమా ఊళ్లో 85 అడుగుల హనుమంతుడి విగ్రహం ఉంది. తెలుగువాళ్లకు బాగా తెలిసిన మైసూరు దత్తపీఠం గణపతి సచ్చిదానంద స్వామి ఆధ్వర్యంలోని ఆశ్రమం దాన్ని ప్రతిష్ఠించింది, 2003లో.

సముద్రంలో గుడి కథ ఏమిటి?

ఈ దేశం గురించి ఒక్కటే కథ చెప్పమంటే నేను చెప్పేది ఇదే. శివదాస్ సాధు చిన్నప్పుడే భారతదేశం నుంచి తల్లిదండ్రులతో వచ్చిన చెరకు కూలీ. 1940ల చివర్లో వాటర్‌లూ ఊరి తీరంలో చిన్న గుడి కట్టుకున్నాడు. ఆ నేల చక్కెర కంపెనీది. తీసేయమన్నారు, తీయనన్నాడు. 1952లో గుడిని పడగొట్టి, అతన్ని 14 రోజులు జైల్లో పెట్టి, జరిమానా వేశారు.

జైలు నుంచి వచ్చాక ఆయన అన్నది ఒకటే. నేల మీద చోటు లేకపోతే సముద్రంలో కడతాను, సముద్రం ఎవరిదీ కాదు. సైకిల్ హ్యాండిల్‌కు బకెట్లు తగిలించుకుని, తోలు సంచిలో రాళ్లు, సిమెంటు మోసుకుంటూ, ఆటుకు నీళ్లు వెనక్కి వెళ్లినప్పుడల్లా తీరం నుంచి దారి పోస్తూ పోయాడు. దాదాపు పాతికేళ్లు, ఎక్కువగా ఒంటరిగానే. అలలు కొట్టుకుపోయినవి మళ్లీ కట్టాడు. ఆయన పోయాక గుడి శిథిలమైతే, భారతీయులు వచ్చి 150 ఏళ్లయిన సందర్భంగా 1990ల మధ్యలో ప్రభుత్వం పూనుకుని తిరిగి కట్టించింది. ఇప్పుడు అక్కడ చేతులు జోడించి నిలబడ్డ ఆయన విగ్రహం ఉంది. పక్కనే తీరంలో హిందువుల దహనవాటిక.

ఏ భాష మాట్లాడతారు?

అధికార భాష ఇంగ్లిష్. ఇళ్లలో, వీధుల్లో మాట్లాడేది ట్రినిడాడ్ క్రియోల్. ఇంగ్లిష్ మాటలకు ఆఫ్రికన్, ఫ్రెంచి, భోజ్‌పురి ఊపు కలిసిన భాష. పనేమీ పెట్టుకోకుండా నలుగురు చేరి కబుర్లతో పొద్దుపుచ్చడాన్ని "లైమ్" అంటారు. మన అరుగు మీద ముచ్చట్ల లాంటిది. భోజ్‌పురి మాట్లాడేవాళ్లు ఇప్పుడు వృద్ధులే. కానీ బైగన్, చన్నా, జీరా, ఆజీ, నానీ అనే మాటలు దేశమంతటా వినిపిస్తాయి. ఆఫ్రికన్, భారతీయ తల్లిదండ్రులకు పుట్టినవాళ్లను "డగ్లా" అంటారు. ఒకప్పుడు అది తిట్టు, ఇప్పుడు చాలామంది గర్వంగా చెప్పుకుంటారు.

ప్రభుత్వం ఎలా నడుస్తుంది?

1976 నుంచి గణతంత్రం. రాష్ట్రపతి రాజ్యాంగాధిపతి, అధికారం ప్రధానమంత్రిది. మనలాగే రెండు సభలు. దిగువ సభలో 41 మంది ఎన్నికైన సభ్యులు, అందులో టొబాగోకు రెండే స్థానాలు. సెనేట్‌లో 31 మంది. ప్రభుత్వం తరఫున 16, ప్రతిపక్షం తరఫున 6, రాష్ట్రపతి సొంతంగా నియమించే స్వతంత్రులు 9. ఈ తొమ్మిదిమంది ఏ పార్టీకీ చెందరు. ప్రత్యేక మెజారిటీ కావలసిన బిల్లులకు వాళ్ల మాట కీలకం. మంచి ఏర్పాటు అని నా అభిప్రాయం. పార్లమెంటు భవనం పేరు రెడ్ హౌస్.

వింతగా అనిపించే సంగతి ఒకటి. కరీబియన్ దేశాలు కలిసి పెట్టుకున్న కరీబియన్ కోర్ట్ ఆఫ్ జస్టిస్ ప్రధాన కార్యాలయం పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోనే ఉంది. అయినా ఈ దేశపు ఆఖరి అప్పీలు ఇప్పటికీ లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కే వెళుతుంది.

అధికారంలో ఎవరున్నారు? రాజకీయాల్లో జాతి భేదం ఉందా?

2025 ఏప్రిల్ 28 ఎన్నికల్లో గెలిచి కమలా పర్సాద్ బిసేసర్ రెండోసారి ప్రధాని అయ్యారు. 2010లో ఆమె ఆ దేశపు మొదటి మహిళా ప్రధాని. పూర్వీకులది బీహార్‌లోని బక్సర్ జిల్లా భేలూపూర్. రాష్ట్రపతి క్రిస్టీన్ కాంగలూ 2023 నుంచి పదవిలో ఉన్నారు.

జాతి భేదం ఉంది, దాచడంలో అర్థం లేదు. స్వాతంత్ర్యం తెచ్చిన ఎరిక్ విలియమ్స్ పార్టీ పీఎన్‌ఎమ్‌కు ఆఫ్రికన్ ఓటర్లు అండ. కమలా పార్టీ యూఎన్‌సీకి భారతీయ ఓటర్లు అండ. విలియమ్స్ పెద్ద చరిత్రకారుడు. బానిసల శ్రమతో బ్రిటన్ పెట్టుబడి ఎలా పెరిగిందో లెక్కలతో నిరూపించిన మనిషి. 1956 నుంచి 1981లో చనిపోయే దాకా ఆయనే ప్రభుత్వాన్ని నడిపారు. భారతీయ మూలాలున్న మొదటి ప్రధాని బాస్‌దేవ్ పాండే 1995లో గానీ రాలేదు. చెరకు కూలీల సంఘం నుంచి ఎదిగిన నాయకుడు ఆయన. ఓట్లు రెండుగా చీలుతాయి గానీ, మనుషులు వీధిలో రెండుగా చీలి కొట్టుకోరు. రాజకీయంగా పెద్ద కుదుపు 1990 జులై 27న వచ్చింది. జమాత్ అల్ ముస్లిమీన్ అనే సాయుధ బృందం పార్లమెంటులో ప్రధాని రాబిన్సన్‌ను, మంత్రులను ఆరు రోజులు బందీలుగా పట్టుకుంది. ఆ దాడి విఫలమై, ప్రజాస్వామ్యం నిలబడింది.

దేశానికి ఆదాయం ఎలా వస్తుంది?

చమురు, సహజవాయువు. కరీబియన్‌లో చాలా దేశాలు పర్యాటకుల మీద బతుకుతుంటే, వీళ్లు గ్యాస్ మీద బతుకుతారు. పాయింట్ లీసాస్‌లో అమ్మోనియా, మెథనాల్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. 1999 నుంచి పాయింట్ ఫోర్టిన్ రేవు నుంచి ద్రవీకృత సహజవాయువు ఎగుమతి అవుతోంది. ఇప్పుడు గ్యాస్ నిల్వలు తగ్గుతున్నాయి, అదే పెద్ద టెన్షన్. 2018లో పాయింట్ ఎ పియెర్ చమురు శుద్ధి కర్మాగారం మూతపడి వేలమంది వీధిన పడ్డారు. అంతకుముందు 2003లో ప్రభుత్వ చక్కెర కంపెనీ కరోనీ మూతపడింది. ఏ చెరకు కోసం ఓడల్లో మనుషులను తెచ్చారో ఆ చెరకే నేలలో లేకుండా పోయింది. కోకో మాత్రం ఉంది. చాక్లెట్ చేసేవాళ్లు మెచ్చే ట్రినిటారియో రకం పుట్టింది ఈ దీవిలోనే.

అక్కడి తిండి మనకు నచ్చుతుందా?

నచ్చుతుంది, కొన్నయితే ఇంటి తిండిలాగే ఉంటాయి. పొద్దున్నే రోడ్డు పక్కన అందరూ నిలబడి తినేది డబుల్స్. పసుపు కలిపి నూనెలో వేయించిన మెత్తటి చిన్న రొట్టెలు (బారాలు) రెండు, మధ్యలో శనగల కూర, మీద చింతపండు చట్నీ, కీరదోస తురుము, మిరపకారం. 1930లలో ప్రిన్సెస్ టౌన్‌లో ఒక భారతీయ ముస్లిం కుటుంబం అమ్మడం మొదలుపెట్టింది. ఇప్పుడు జాతి, మతం, హోదా ఏదీ లేకుండా అందరి ఉదయం అదే. "స్లైట్ పెప్పర్" అంటే కొంచెం కారం అని. వాళ్ల మిరప మనకూ కారమే, ముందు కొంచెమే అడగండి.

ధాల్‌పురీ అంటే లోపల బఠానీ పప్పు పొడి పెట్టిన రొట్టె. బెల్లం వేయని బొబ్బట్టు అనుకోవచ్చు. "బస్ అప్ షట్" అని ఇంకో రొట్టె ఉంది. పెనం మీదే కొట్టి పేలికలు చేస్తారు, చిరిగిన చొక్కాలా ఉంటుందని ఆ పేరు. చామ ఆకులు, బెండకాయ, కొబ్బరిపాలు కలిపి వండేది కలలూ. పచ్చి కంది గింజలు, చికెన్, బియ్యం, మాడ్చిన పంచదారతో చేసేది పెలావ్. మారకాస్ బీచ్‌కు వెళితే వేయించిన రొట్టెలో సొర చేప పెట్టి ఇస్తారు.

క్రిస్మస్‌కు ప్రతి ఇంట్లో ఎర్రటి సోరెల్ పానీయం ఉంటుంది. అది మన గోంగూర జాతి మొక్కే. మనం ఆకు తింటాం, వాళ్లు కాయను చుట్టుకుని ఉండే ఎర్ర రేకలు మరగబెట్టి, లవంగం, దాల్చినచెక్క వేసి తాగుతారు.

కార్నివాల్ అంటే ఏమిటి? స్టీల్‌పాన్ ఎలా పుట్టింది?

క్రైస్తవుల ఉపవాస కాలం మొదలయ్యే బుధవారానికి ముందు సోమ, మంగళవారాల్లో జరిగే ఉత్సవం. సోమవారం తెల్లవారుజామున ఒంటికి బురద, రంగు, నూనె పూసుకుని వీధుల్లోకి వస్తారు, దాన్ని "జూవే" అంటారు. ఫ్రెంచి దొరలు తమ భవనాల్లో మారువేషాల విందులు చేసుకునేవారు. బానిసత్వం పోయాక నల్లవాళ్లు ఆ పండుగను వీధిలోకి లాక్కున్నారు. ఇప్పుడు ప్రపంచం కార్నివాల్ అని చూసేది వాళ్ల పండుగనే.

బ్రిటిష్ ప్రభుత్వానికి ఆ డోలు చప్పుడంటే భయం. 1880లలో కార్నివాల్‌లో డోళ్లను నిషేధించింది. జనం వెదురు బొంగులు నేలకు కొట్టి తాళం వేశారు. తర్వాత బిస్కెట్ డబ్బాలు, చెత్త డబ్బాలు. డబ్బా అడుగున సొట్టపడిన చోట స్వరం మారుతుందని ఎవరో కనిపెట్టారు. 1930ల చివర, 40లలో పోర్ట్ ఆఫ్ స్పెయిన్ పేద బస్తీల కుర్రాళ్లు, ఆయిల్ డ్రమ్ముల మూతలను సుత్తితో లోపలికి కొట్టి, ఒక్కో సొట్టకు ఒక్కో స్వరం పలికించారు. అదే స్టీల్‌పాన్. విన్‌స్టన్ సైమన్, ఎలీ మానెట్ లాంటివాళ్లు ఆ తొలి శిల్పులు. అప్పట్లో పాన్ వాయించేవాడంటే రౌడీ అనే అనుకునేవారు. 1951లో ఒక బృందం లండన్ వెళ్లి వాయించాక ఊళ్లో చూపు మారింది. ఇప్పుడది జాతీయ వాద్యం. ఆగస్టు 11ను ఐక్యరాజ్యసమితి ప్రపంచ స్టీల్‌పాన్ దినంగా ప్రకటించింది. దేశ చిహ్నంలో ఉన్న కొలంబస్ మూడు ఓడలను తీసేసి, ఆ చోట స్టీల్‌పాన్ పెట్టాలని నిర్ణయించారు. ఈ వార్త చదివిన రోజు నాకు కళ్లు చెమర్చాయి.

పాటల్లో ముందు పుట్టింది కలిప్సో. అధికారులను నిలదీసే వీధి పాట అది. 1970లలో లార్డ్ షార్టీ అనే గాయకుడు కలిప్సోకు భారతీయ తాళాలు కలిపి సోకా తయారుచేశాడు. పెళ్లిళ్లలో ఆడవాళ్లు పాడే భోజ్‌పురి పాటలు, సుందర్ పోపో లాంటివాళ్ల చేతుల్లో చట్నీ సంగీతం అయ్యాయి.

హిందూ, ముస్లిం పండుగలు ఎలా చేసుకుంటారు?

దీపావళి, ఈద్ రెండూ జాతీయ సెలవులే. దీపావళికి వెదురు బద్దలను వంచి తోరణాల్లా కట్టి, వాటి మీద వందల మట్టి ప్రమిదలు పెడతారు. వీధి మొత్తం దీపాల గుమ్మంలా ఉంటుంది. దీపాలు చూడటానికి అన్ని మతాలవాళ్లూ కుటుంబాలతో వస్తారు. చగ్వానాస్‌లో 1986 నుంచి దివాళీ నగర్ జరుగుతోంది. హిందువుల ఇళ్ల ముందు వెదురు కర్రలకు కట్టిన ఎర్ర, పసుపు జెండాలు కనిపిస్తాయి. పూజ జరిగిన ప్రతిసారీ ఒకటి పాతుతారు.

మొహర్రంను "హోసే" అంటారు. మన పల్లెల్లో పీర్ల పండుగకు హిందువులూ పీర్లను ఎత్తుకున్నట్టే, అక్కడ తాజియాలు (ఊరేగించే సమాధి నమూనాలు) కట్టడంలో, మోయడంలో హిందువులు, ఆఫ్రికన్లు కలుస్తారు. సెయింట్ జేమ్స్, సెడ్రోస్ ఊళ్లలో బాగా జరుగుతుంది. తాస్సా డోళ్లను మంట దగ్గర కాచి వాయిస్తారు, మన తాషాకు చుట్టమే. 1884 అక్టోబరు 30న సాన్ ఫెర్నాండోలో హోసే ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపి సుమారు 20 మంది కూలీలను చంపారు. అయినా పండుగ ఆగలేదు.

క్రికెట్ సంగతులు?

క్వీన్స్ పార్క్ ఓవల్ మనకు అచ్చొచ్చిన మైదానం. 1971లో వెస్టిండీస్ గడ్డ మీద భారత్ మొదటి టెస్టు గెలిచింది అక్కడే, అది గావస్కర్ తొలి టెస్టు. 1976లో 403 పరుగుల లక్ష్యాన్ని ఛేదించిందీ అక్కడే. వెస్టిండీస్‌కు ఆడిన మొదటి భారతీయ మూలాల ఆటగాడు సోనీ రామదీన్. లారా 400 నాటౌట్ కొట్టింది మాత్రం ఆంటిగ్వాలో.

వెళ్లడం ఎలా? క్షేమమేనా?

మన దేశం నుంచి నేరుగా విమానం లేదు. లండన్, న్యూయార్క్, మయామి లేదా టొరంటో మీదుగా పియార్కో విమానాశ్రయానికి వెళ్లాలి. సమయం మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక. మనలాగే ఎడమ పక్కన నడుపుతారు. ట్రినిడాడ్ నుంచి టొబాగోకు విమానంలో అరగంట లోపే, ఓడలో మూడు గంటల పైమాటే. మార్చి నుంచి ఆగస్టు మధ్య వెళితే గ్రాండ్ రివియెర్, మతూరా తీరాల్లో పెద్ద లెదర్‌బ్యాక్ తాబేళ్లు రాత్రిపూట గుడ్లు పెట్టడం చూడవచ్చు.

క్షేమం గురించి నిజం చెప్పాలి. ముఠాల హింస ఎక్కువైంది. 2024లో 600కు పైగా హత్యలు జరిగాయి, ఆ ఏడాది చివర అత్యవసర పరిస్థితి పెట్టారు. పర్యాటకులు తిరిగే చోట్లలో పగలు ఇబ్బంది తక్కువే. రాత్రిపూట తెలియని ప్రాంతాలకు ఒంటరిగా వెళ్లవద్దు. స్థానికులు వద్దన్న చోటికి అసలు వెళ్లవద్దు.

మా ముత్తాత ఇంటి నుంచి వెళ్లిపోయి ట్రినిడాడ్ చేరాడని పెద్దలు చెప్పేవారు. ఆచూకీ దొరుకుతుందా?

దొరకవచ్చు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఓడల వారీగా కూలీల రిజిస్టర్లు ఉన్నాయి. ఈ రికార్డులను 2011లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు, ఇలా రాసి పెట్టేవారు. అక్కడివాళ్లు మన వైపు వెతకడానికి కూడా ఇవే ఆధారం. 2025 జులైలో భారత ప్రధాని అక్కడికి వెళ్లినప్పుడు, ఆరో తరం దాకా ఓసీఐ కార్డులు (విదేశాల్లోని భారతీయ మూలాల వారికి మన ప్రభుత్వం ఇచ్చేవి) ఇస్తామని ప్రకటించాక ఈ వెతుకులాట పెరిగింది.

వెతికేముందు ఓడ పేరు, ఏడాది తెలుసుకోవడానికి ప్రయత్నించండి. ఓడెక్కింది మద్రాసులోనా కలకత్తాలోనా అన్నది ముందు తేలాలి. జిల్లా పేర్లు పాత ఇంగ్లిష్ పద్ధతిలో ఉంటాయి, విశాఖపట్నాన్ని వైజాగపటం అని రాసేవారు. మనిషి పేరు విషయంలో ఇంకా జాగ్రత్త. అది మనవాళ్లు చెప్పిన పేరు కాదు, ఇంగ్లిష్ గుమాస్తా చెవికి వినపడిన పేరు. చూసి పోల్చుకుంటే దొరకదు, గట్టిగా పైకి చదివి చూడండి.